పదకొండో స్టాపు

హోనొలులు,
1996 ఫిబ్రవరి 4

తాతా,

నాకు ఉద్యోగం దొరికింది. కాలేజీ మానలేదు, కంగారుపడకు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి ట్రాలీ. ఊరు చూపించే ఆ ఎర్రబండ్లు నువ్వూ చూసే ఉంటావు. పక్కలకి గోడలుండవు, ముందు ఇత్తడి గంట వేలాడుతుంది. టూరిస్టులు రోజంతటికీ ఒకే టికెట్ కొనుక్కుంటారు. నచ్చినచోట దిగుతారు, చూస్తారు, రంగునీళ్ల ఐసు తింటారు, వెనకొచ్చే బండి ఎక్కి ఇంకోచోటికి పోతారు. నేను డ్రైవరు పక్కన మైకు పట్టుకుని నిలబడి, వచ్చేది ఏమిటో వాళ్లకి చెప్పాలి.

మా డ్రైవరు అగ్పాలో మావయ్య ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయింది. మొదటిరోజు నేను ‘మహత్తరమైన’ అన్న మాట పదకొండుసార్లు వాడానట. ఆయన మైకులోకి వంగి, "అమ్మాయ్, కొండ మహత్తరం, సముద్రం మహత్తరం, మరి మరుగుదొడ్డి ఎక్కడుందో ఎప్పుడు చెబుతావు? ఆ వెనక సీటు పెద్దాయన ఇందాకటి నుంచి కాళ్లు మెలేసుకుని కూర్చున్నాడు" అన్నాడు. బండంతా ఒకటే నవ్వు. ఆ రాత్రే ఒక నోటుపుస్తకం కొన్నాను. రోజూ కొత్త మాటలు రాసుకుంటున్నాను. ఒక్క సముద్రం రంగుకే పందొమ్మిది మాటలయ్యాయి.

కంపెనీ ఇచ్చిన కాగితంలో డైమండ్ హెడ్ కొండ కింది రోడ్డుకి రెండే వాక్యాలున్నాయి. ఎడమవైపు కొండ. కుడివైపు సముద్రం. అంతే. జూన్‌లో మాలో ఒకరిని పర్మనెంట్ చేస్తానని మేనేజరు మిసెస్ తవారెస్ అంది. ఎవరి మాటలు వింటూ జనం సీట్లో కదలకుండా కూర్చుంటారో వాళ్లని.

నాన్న పోయేటప్పటికి నాకు ఆరేళ్లు. ఆయన దగ్గర ఏదీ వినే అదృష్టం లేకపోయింది. నువ్వు చిన్నప్పుడు ఆ కొండ కిందే ఉండేవాడివని అమ్మ అంటుంది. ఆ దారిలో మనదంటూ ఏమైనా ఉందా తాతా? ఉంటే చెప్పు. రోజూ నాలుగుసార్లు అటు వెళ్తున్నాను.

గొంతు బొంగురుపోయిన నీ మనవరాలు,
నోహెయా

*

హాలావా లోయ, మోలొకాయి దీవి,
ఫిబ్రవరి 21

నోహెయా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలవుతోంది. రేడియో మీద పెట్టుకుని రోజూ దానికేసి చూస్తున్నాను. ఇక్కడ వాన వదలడం లేదు. అడవిపందులు చేమమడి ఒకటి తవ్విపోశాయి. నా తుంటి సంగతి అడగకు.

గంట కొట్టే బండిలో వాగే ఉద్యోగం ఒకటుంటుందని నాకు తెలియదు. మీ నాన్నకి ఆ ఉద్యోగం ఇచ్చి ఉంటే బండి మొత్తం నిద్రపోయేది. రోజుకి ఆరు మాటలు మాట్లాడేవాడు, అందులో రెండు అన్నం గురించి.

అడిగావు కాబట్టి చెబుతాను. మీ నాన్న అడగలేదు. అడగనివాళ్లకి చెప్పకూడదు. ఎవరూ అడగకుండానే పోతానేమో అని ఈ మధ్య భయపడుతున్నాను.

దీపస్తంభం దాటాక రోడ్డు సముద్రం వైపు వంగుతుంది. అక్కడ రాతి పిట్టగోడ ఒకచోట విరిగి ఉంటుంది. ఆ సందులోంచి ఇరవై అడుగులు దిగితే మూడు నల్లరాళ్లు. వాటి వెనక నడుమెత్తున ఒక బిలం, దానికి అడ్డంగా పలకరాయి. మా అమ్మ అక్కడ ఉంది.

అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. వైకీకీ తీరంలో హోటళ్లకి పునాదులు తవ్వుతున్న రోజులవి. పూర్వం ఇసుకలో పూడ్చిన మనవాళ్ల ఎముకలు పారలకి తగిలేవి. కూలీలు వాటిని పెట్టెల్లో కుప్పపోయడం నాన్న కళ్లారా చూశాడు. ఏడాది తిరిగాక అమ్మని శ్మశానంలోంచి తీసి, చెట్టుబెరడు గుడ్డలో చుట్టి, ఆ రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. నన్ను వెంటపెట్టుకున్నాడు. నా చెల్లెలు రూత్‌ని ఇంట్లోనే ఉండమన్నాడు. అది గడపలో కూర్చుని ఏడ్చింది.

నెలకోసారి వెళ్లు. గాలికి కొట్టుకొచ్చిన చెత్త ఏరిపారెయ్యి. కాసేపు కూర్చో. అక్కడినుంచి ఏదీ తీసుకురాకు. తుంటి విరిగిన దగ్గర్నుంచి, ఆరేళ్లుగా, నేను వెళ్లలేకపోయాను. ఫోనులో చెబుదామంటే ఇక్కడ ఫోను కొట్లో ఉంది, కొట్లో బోలెడు చెవులున్నాయి. అందుకని రాశాను.

ఇక నాకు నిద్ర పడుతుంది.

మీ తాత,
హైరమ్ కైయామా

*

హోనొలులు,
మార్చి 17

తాతా,

నీ ఉత్తరం సిటీ బస్సులో చదివాను. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది, దాని తరవాతదీ దాటిపోయింది. నేను నేర్చుకున్న మాటలన్నీ ఒకవైపు, ‘మా అమ్మ అక్కడ ఉంది’ అని నువ్వు రాసిన ఆ నాలుగు మాటలూ ఒకవైపు. నీ ఉత్తరం మొత్తం కంఠతా వచ్చేసింది. ఒక్క మాట కూడా మార్చలేదు, మార్చను.

నువ్వు నెలకోసారి అన్నావు. నేను రోజూ నాలుగుసార్లు ముత్తవ్వని తలుచుకుంటున్నాను. ఆ మలుపు దగ్గరికి రాగానే నా గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. అగ్పాలో మావయ్య టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు.

మొన్న ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ఆ రాళ్ల దగ్గర తెల్లపూల దండ ఉంచి, తలలు వంచి చాలాసేపు నిలబడ్డారు. పెద్దామె ఏడ్చింది. నేను వాళ్లతో ఏమీ మాట్లాడలేకపోయాను. కానీ ఆ రోజంతా నా ఒళ్లు నాకు తేలిగ్గా అనిపించింది.

ఇంకేమైనా ఉంటే రాయి తాతా. ఎంత చిన్నదైనా సరే.

నీ నోహెయా

*

హాలావా,
ఏప్రిల్ 1

నా తల్లీ,

డ్రైవరుకి ఎందుకు చెప్పావు? సరే, బండి ఆపాలంటే అతనికి ఏదో ఒకటి చెప్పక తప్పదు. పెద్దవాడంటున్నావు, నోరు కట్టుకునే ఉంటాడులే.

ఆ ముగ్గురు ఆడవాళ్ల గురించి చదివి రెండు రోజులు పొలంలోకి వెళ్లలేదు. వాళ్లెవరో నాకు తెలుసు. నా చెల్లెలు రూత్ కూతుళ్లు. ఏడ్చినామె ఉలులాని, పెద్దది, వాయానాయెలో ఉంటుంది. అంటే రూత్‌కి తెలుసన్నమాట! గడపలో ఏడుస్తూ కూర్చున్న పిల్ల ఊరుకుంటుందా? చెట్లచాటున మా వెనకాలే వచ్చి చూసి ఉంటుంది. డెబ్భై ఏళ్లు కడుపులో దాచుకుని, పోయేముందు కూతుళ్లకి చెప్పి ఉంటుంది.

నోహెయా, ఇది నీకు అర్థం కాదు. ఆ పిల్లకి చెప్పలేదన్న ముల్లు నా గుండెలో డెబ్భై ఏళ్లుగా ఉంది. నువ్వు రాసిన నాలుగు వాక్యాలతో ఊడిపోయింది. రూత్‌ని పూడ్చిన రోజు నుంచి ఆ పిల్లలు నాతో మాట్లాడరు. నిన్ననే ఉలులానికి ఉత్తరం వేశాను. మీ అమ్మ నాకంటే గట్టిది, చోటు తెలిసీ నాతో ఒక్కసారి కూడా అనలేదు, మీరు పూలు పెట్టారని విని నా ప్రాణం కుదుటపడింది అని రాశాను.

చేమదుంపలు ఒక సంచిడు పంపుతున్నాను. ఆ డ్రైవరుకి కూడా ఇవ్వు.

తాత

*

హోనొలులు,
ఏప్రిల్ 24

తాతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎక్కడో పొరపాటు పడ్డావు. రూత్ అవ్వ కూతుళ్లు ఎవరూ రాలేదు. వాళ్లు ముగ్గురూ జపాన్ టూరిస్టులు, ఒసాకా నుంచి వచ్చారు. మా బండిలో నేను చెప్పింది పక్కసీటాయన వాళ్ల భాషలో చెబితే విని అక్కడ దిగారు. నాకు వాళ్ల భాష రాదు, అందుకే మాట్లాడలేకపోయాను.

వాళ్లు మొదటివాళ్లు మాత్రమే. ఇప్పుడు ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు దిగుతున్నారు! పోయినవారం మిసెస్ తవారెస్ చెప్పాపెట్టకుండా బండెక్కి వెనక సీట్లో కూర్చుంది. అయ్యాక నన్ను పిలిచి, "ఇన్నాళ్లూ ఈ మలుపులో జనం కెమెరాల్లో రీలు మార్చుకునేవాళ్లు. ఇవాళ ఒకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎక్కడ దొరికిందే నీకిది?" అంది. మా తాత అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకెంత గర్వంగా ఉందో నీకెలా చెప్పను!

విరిగిన పిట్టగోడ దగ్గర స్టాపు పెట్టారు. పదకొండో స్టాపు. పసుపురంగు బోర్డు, దానిమీద మూడు నల్లరాళ్ల బొమ్మ. మిగతా బండ్లలో మాట్లాడేవాళ్లు కూడా నా కాగితం నకళ్లు తీసుకున్నారు. జూన్ వరకు ఆగక్కర్లేదు, పర్మనెంట్ నాకే అంది.

ఒకాయన గులకరాయి ఒకటి జేబులో వేసుకోబోతే తిట్టి అక్కడే పెట్టించాను. నువ్వు చెప్పావు కదా, ఏదీ తీసుకెళ్లకూడదని.

ముత్తవ్వని ఇప్పుడు ఎన్ని దేశాలవాళ్లు తలుచుకుంటున్నారో చూడు తాతా. నీకు సంతోషమే కదా? ఎందుకో నీ ఉత్తరం చదివాక నాకు కొంచెం దిగులుగా ఉంది. వెంటనే రాయి.

నోహెయా

*

హాలావా,
ఏప్రిల్ 30

నోహెయా,

కొట్టు అరుగు మీద చదివాను. అక్కడే కూర్చుండిపోయాను. కొట్టతను మంచినీళ్లిచ్చి, ఎవరు పోయారని అడిగాడు.

మనవాళ్లు ఎముకలు దాచిన చోటు బయటికి చెప్పరు. మనిషి బతికిన బతుకంతా, ఆ మనిషి సత్తువంతా ఎముకల్లో నిలిచి ఉంటుంది. వాటిని పరాయి చేతులు తాకకూడదు, పరాయి కాళ్లు తొక్కకూడదు. అందుకే ఒక తరంలో ఒక్కరికే తెలుస్తుంది. చిన్నవాళ్లు తమంతట తాము వచ్చి అడగాలి. అడిగారంటే ఆ బరువు మోస్తామన్నట్టు. నువ్వు అడిగావు. ఆడపిల్లయినా ఇంత ధైర్యంగా అడిగిందని పొంగిపోయాను. ఎవరికీ చెప్పొద్దని విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. ఊపిరి తీసుకోవడం మానకు అని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఉలులాని దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "ఏ చోటు మావయ్యా? ఏ పూలు? అమ్మకి తెలియదు. చివరి వారం అంతా అదే అడిగింది" అని.

నన్నే అడిగింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "అన్నా, అమ్మ ఎక్కడ?" అంది. నాన్నకి ఇచ్చిన మాట కోసం నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. తోడబుట్టినదానికి చెప్పనిది నువ్వు ఒసాకా వాళ్లకి చెప్పావు.

ఇంక రాయలేను.

హైరమ్ కైయామా

*

హోనొలులు,
మే 8

తాతా,

నువ్వు తిట్టి ఉంటే బాగుండేది.

ఉత్తరం అందిన రోజే మిసెస్ తవారెస్ దగ్గరికి వెళ్లాను. ఆ స్టాపు తీసెయ్యమన్నాను. "బోర్డుకి రంగు ఆరి పదిరోజులు కాలేదు" అంది. "నేను చెప్పింది అబద్ధం, కల్పించాను" అన్నాను. "నిజమో అబద్ధమో ఎవరడిగారమ్మా? జనం దిగుతున్నారు." "అది మా ఇంటి విషయం, మేడమ్." "నీ ఇంట్లో ఉన్నంతసేపూ నీదే. నువ్వే కదా తెచ్చి బండెక్కించావు?" చెడ్డమనిషి కాదు. నా ముఖం చూసి కాగితం రుమాలు ఇచ్చింది. స్టాపు మాత్రం తియ్యలేదు.

నేను ఆ మలుపులో నోరు విప్పడం మానేశాను. మిగతా మూడు బండ్లలో వాళ్లు నా మాటలే చెబుతున్నారు. నీ మాటలు. ఒక్క మాట కూడా మార్చకుండా.

అగ్పాలో మావయ్యకి అంతా చెప్పాను. స్టీరింగ్ నిమురుతూ, "మా ఊళ్లోనూ ఇలాంటివి ఉన్నాయే. నాకు తట్టొద్దూ? ముసలాణ్ణి, నేనైనా నీ నోరు మూయించాల్సింది" అన్నాడు. మర్నాటి నుంచి అక్కడ బండి ఆపడం మానేశాడు. బ్రేకు అనుమానంగా ఉంది, వాలులో ఆపనని రాసిచ్చాడు. మెకానిక్ వచ్చి చూసి బ్రేకు శుభ్రంగా ఉందన్నాడు. "ముప్పయ్యేళ్లు తొక్కింది నువ్వా నేనా?" అని అతని మీద విరుచుకుపడ్డాడు.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండలేను. నిన్న పొద్దున వెళ్లాను. ఎవరో పలకరాయిని పక్కకి జరిపారు. ఒక జంట దానిమీద నిలబడి ఫోటో తీయించుకుంటున్నారు. బిలంలో గోధుమరంగు గుడ్డ అంచు కనిపిస్తోంది. వాళ్లకి కనిపించలేదు, లేదా ఏమిటో తెలియలేదు. వాళ్లు వెళ్లేదాకా బిలానికి అడ్డంగా కూర్చున్నాను. తరవాత రాయిని చేతుల్తో లాగి మళ్లీ పెట్టాను. గోళ్లు విరిగాయి. ఎవరైనా రేపు మళ్లీ జరుపుతారు.

ఏం చెయ్యమంటావో చెప్పు. నా నోటుపుస్తకం నిండా మాటలున్నాయి, నిన్ను క్షమించమని అడగడానికి అందులో ఒక్కటీ పనికిరావడం లేదు.

నోహెయా

*

హాలావా,
మే 13

నోహెయా,

ఏడవడం ఆపి చదువు.

వచ్చే సోమవారం విమానంలో వస్తున్నాను. ఉలులాని ఎయిర్‌పోర్టుకి తన ట్రక్కు తెస్తుంది. ఫోను చేసి అడిగాను. "ఎన్నింటికి రమ్మంటావు మావయ్యా?" అంది.

మంగళవారం తెల్లవారగానే అమ్మని అక్కడినుంచి తీస్తాం. కొత్త తెల్లగుడ్డ తీసుకురా, కుట్లు లేనిది. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకు. కిందికి దిగేది నువ్వూ ఉలులానీ. నా తుంటి రాళ్లు దిగనివ్వదు. ఆమెని ఎత్తుకునేది మాత్రం నువ్వే. నీ నోటితో బయటపెట్టావు, నీ చేతుల్తో బయటికి తియ్యాలి.

బండ్లు తిరగడం మొదలుకాకముందే అయిపోవాలి. రోడ్డు మీద పొద్దున్నే పరిగెత్తేవాళ్లు ఉంటారు. వాళ్ల కంట పడకుండా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. నువ్వు ఆలోచించు.

తాత

*

హోనొలులు,
మే 23

తాతా,

నువ్వు నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయావు. అక్కడ నువ్వు పైన ఉన్నావు, నేను కింద ఉన్నాను. అందుకని కింద జరిగింది నీకు రాయాలనిపించింది. ఇది చదివేది నువ్వొక్కడివే.

పిట్టగోడకి అడ్డంగా ట్రాలీని పెడతానన్నది అగ్పాలో మావయ్యే. ఆరింటికే షెడ్డులోంచి తెచ్చి, సందు మూసేలా నిలిపి, ఇంజను మూత ఎత్తాడు. ఆయన అరుపులు నువ్వూ వినే ఉంటావు. "దూరం దూరం! ఇంజను పేలేట్టుంది! నీకు కాళ్లు బరువయ్యాయా బాబూ, ఆ పక్కనుంచి పరిగెత్తు!" మాకు కిందికి వినిపిస్తూనే ఉంది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ఉలులాని అత్త పలకరాయి తీసింది. నేను లోపలికి చేతులు చాపాను. చల్లగా ఉంటుందనుకున్నాను, లేదు. పాతగుడ్డ ఒకచోట పొడిపొడిగా రాలిపోయింది. అత్త తెల్లగుడ్డ పరిచింది. మూట కట్టేముందు వంగి, "అవ్వా, నేను రూత్ కూతుర్ని" అంది. అంతే అంది. పైనుంచి నీ ప్రార్థన వినిపిస్తోంది. మధ్యలో ఒకచోట నీ గొంతు ఆగింది. మేమూ ఆగాం. నువ్వు మళ్లీ మొదలుపెట్టాక లేచాం.

ఎంత తేలిగ్గా ఉందో తాతా. నా కాలేజీ సంచి అంత కూడా లేదు. అయినా ఆ ఇరవై అడుగులు ఎక్కడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

ట్రక్కులో నా ఒళ్లో ఉంచుకున్నాను. కలీహి కూడలి దగ్గర నువ్వు, "నోహెయా, మూట నాకిచ్చి ఇక్కడ దిగు" అన్నావు. ఎందుకని అడగలేదు. దిగాను. ఉలులాని అత్త ముఖం పక్కకి తిప్పుకుంది.

ట్రక్కు కదిలాక నేను కళ్లు మూసుకున్నాను. అది కొండ వైపు తిరిగిందో సముద్రం వైపు తిరిగిందో చూడకూడదనుకున్నాను. గేరు మార్చే చప్పుడుని బట్టి ఎక్కుడు ఎక్కుతోందని తెలిసిపోతుందేమోనని చెవులు కూడా మూసుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో! బస్సు కోసం వచ్చిన ఒకామె భుజం తట్టి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అప్పుడు కళ్లు తెరిచాను. రోడ్డు ఖాళీగా ఉంది.

పర్మనెంట్ వద్దని మిసెస్ తవారెస్‌కి చెప్పాను. పాత రాజభవనం, చైనా బజారు వైపు తిరిగే బండికి మార్చమన్నాను. మార్చింది. పదకొండో స్టాపు అలాగే ఉంది. జనం దిగుతున్నారు, ఖాళీ రాళ్లకి ఫోటోలు తీసుకుంటున్నారు.

నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

నోహెయా

*

హాలావా,
జూన్ 2

నోహెయా,

ఫోటోలు తీసుకోనీ. రాళ్లకి నొప్పి లేదు.

నీతో మాట్లాడకుండానే వెళ్లిన మాట నిజం. ఆ రోజు నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియలేదు. ఉలులాని అద్దంలో నిన్ను చూసిందట. "మావయ్యా, ఆ పిల్ల రోడ్డు పక్కన కళ్లూ చెవులూ మూసుకుని నిలబడింది" అంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ట్రక్కు ఆపమనీ అనలేదు. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

చోటు ఉలులానికి తెలుసు. ఇకమీదట అది రూత్ పిల్లల బాధ్యత. డెబ్భై ఏళ్ల కిందటే వాళ్ల వాటా వాళ్లకి చేరాల్సింది. చోటు చూపించాక ఉలులాని తన చెయ్యి నేలమీద ఆనించి, "అమ్మా, దొరికింది" అని రూత్‌తో చెప్పుకుంది. నేను దూరంగా నిలబడ్డాను. నీ పొరపాటు లేకపోతే అది జరిగేది కాదు. అలాగని నీ పొరపాటు ఒప్పు కాదు. రెండూ నా లోపల పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకదాన్ని లేపి ఇంకోదాన్ని కూర్చోబెట్టే వయసు కాదు నాది.

నీకు ఆ చోటు చెప్పను. ఆగస్టులో ఇక్కడికి వచ్చినా చెప్పను. రా, చేమమడి మళ్లీ కట్టాలి, పందులు దేన్నీ మిగల్చలేదు. ఆ డ్రైవరుని కూడా తీసుకురా. ఇంజను పేలుతుందని అంత నమ్మకంగా అరవగలిగే మనిషి పందుల్ని తోలడానికి పనికొస్తాడు.

ఇంకేమైనా ఉంటే రాయమని మార్చిలో అడిగావు, ఎంత చిన్నదైనా సరే అన్నావు. చోటు కానిదేదైనా చెప్పొచ్చు. అది నాకూ ఇన్నాళ్లూ తట్టలేదు. ఆమె ఎక్కడుందో కాపాడటంలో పడి, ఆమె ఎలా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి కూడా.

మా అమ్మ పేరు కెకాయి. ఎడమచేత్తో వల విసిరేది. చేపలు తోమేటప్పుడు వాటిని పేరుపెట్టి తిట్టేది. చాలా గట్టిగా నవ్వేది, ఆమె నవ్వితే పక్కవీధి కుక్కలు మొరిగేవి, కుక్కలు మొరిగితే ఆమెకి ఇంకా నవ్వు వచ్చేది. రూత్ నవ్వూ అదే. ఇది నువ్వు బండిలో చెప్పు. మైకు పెట్టుకుని, ఊరంతా వినేట్టు చెప్పు.

తాత